నల్లయ్యకు లేజర్

మంగళవారం. తెల్లారేసరికే ఉక్కపోత. తుంటి కీళ్ల నొప్పికి లేజర్ వైద్యం చేయిద్దామని మా కుక్క నల్లయ్యను ఆటో ఎక్కించడానికే చెమటలు పట్టాయి. ముందు కాళ్లు తనే పెడతాడు, వెనక భాగం మాత్రం మనమే ఎత్తాలి. ఎంవీపీ కాలనీ దాటేలోపే ఆటో అతను అడిగాడు: "కుక్కకు కూడా కరెంటు పెడతారా అండీ?" ఇంచుమించు అదేనని చెప్పాను.

డాక్టరుగారు ముందుగా వాడి ఒళ్లంతా వేళ్లతో తడిమి చూశారు. కంతి ఏదైనా ఉంటే దాని మీద లేజర్ పెట్టరట. తర్వాత నాకూ నాన్నకూ రంగు కళ్లద్దాలు ఇచ్చారు. నాన్న అచ్చం శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారిలా కూర్చున్నారు. నల్లయ్య తన అద్దాలను ఒక్క విదిలింపుతో పడేశాడు. సహాయకుడు వాడి కళ్లకు తువ్వాలు అడ్డం పెట్టాడు. తుంటి చుట్టూ లేజర్ పరికరం తిరుగుతూనే ఉంది, ఒకచోట ఆగలేదు. నల్లని బొచ్చు, నల్లని చర్మం వెలుగును పైపైనే పీల్చుకుని త్వరగా వేడెక్కుతాయి కాబట్టి ఆపకూడదట. కాసేపటికి వాడు నాలుక బయటపెట్టి, గడ్డం నా మోకాలి మీద ఆనించేశాడు.

ఈ వైద్యం 1967లో హంగేరీలో మొదలైంది. లేజర్ వల్ల క్యాన్సర్ వస్తుందేమో చూద్దామని అక్కడి వైద్యుడు ఎండ్రే మెస్టర్ ఎలుకల వీపు గొరిగి దాన్ని ప్రసరింపజేస్తే, క్యాన్సర్ రాలేదు సరికదా, వెంట్రుకలు తొందరగా మొలిచాయి. ఇది చెప్పగానే నాన్న తన బట్టతల తడుముకుని, "పనిలో పనిగా ఇక్కడ కూడా ఒకసారి తిప్పమను" అన్నారు.

కణాల్లోని మైటోకాండ్రియా ఆ వెలుగును గ్రహించి శక్తిని పుట్టిస్తుందని, వాపు తగ్గుతుందని అంటారు. కీళ్ల నొప్పి తగ్గిందన్న అధ్యయనాలున్నాయి, తేడా లేదన్నవీ ఉన్నాయి. డబ్బు కట్టాక కుక్క కన్నా ముందు యజమానికే గుణం కనిపిస్తుందని నా అనుమానం. నాన్న అప్పుడే "హుషారుగా ఉన్నాడు చూడు" అంటున్నారు. వాడు హుషారుగా ఉన్నది డాక్టరమ్మ పెట్టిన బిస్కెట్టుకు! అందుకే వాడు గుమ్మం మెట్లు ఎక్కేటప్పుడు ఫోనులో వీడియో తీసి పెట్టాను. కొన్ని వారాలయ్యాక మళ్లీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.

నొప్పి మాత్రలు ఆపొద్దన్నారు. అన్నిటికన్నా ముందు బరువు తగ్గించాలన్నారు. నాన్న అక్కడ బుద్ధిగా తల ఊపారు. ఇప్పుడు వంటింట్లో నెయ్యి వేసిన ఇడ్లీ తనకోసమేనని అమ్మతో వాదిస్తున్నారు. నల్లయ్య ఆయన కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాడు.