చలికాలంలో కూడా పడవ ఆపని నార్వే తీరం

మా బావ వాళ్ళు బోడోలో ఉంటారు, ఆర్కిటిక్ సర్కిల్‌కి కాస్త పైన. చిన్న బోటు, క్యాబిన్లో డీజిల్ హీటర్, అంతే, ఏడాదంతా తిరుగుతూనే ఉంటారు. విజయవాడలో ఎవరికి చెప్పినా ఒకటే మాట, అక్కడ సముద్రం గడ్డ కట్టదా అని. కట్టదండి, అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల తీరం చలికాలంలో కూడా ఓపెన్‌గానే ఉంటుంది, పైగా బయట వేల దీవులు అడ్డం ఉంటాయి కాబట్టి పెద్ద అలలు చాలా చోట్ల లోపలికి రావు.

అసలు భయం చీకటి, మంచు. డిసెంబర్లో వెలుతురు కొన్ని గంటలే. ఎగిరిపడ్డ నీళ్ళు డెక్ మీదే గడ్డ కట్టి పైబరువు పెరిగితే పడవ బోల్తా కొట్టొచ్చు, అందుకే ఎప్పటికప్పుడు కొట్టి రాల్చేయాలి.

బోడో దగ్గరే సాల్ట్‌స్ట్రౌమెన్ అని సన్నటి జలసంధి ఉంది, 150 మీటర్ల వెడల్పు, ఆటుపోట్లకి నీళ్ళు 20 నాట్ల దాకా, అంటే గంటకి దాదాపు 37 కిలోమీటర్ల వేగంతో పరిగెడతాయి, సుడులు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది! మనకి పున్నమి ఘాట్ నుంచి భవానీ ఐలాండ్‌కి వరద లేకపోతే చాలు, బావ వాళ్ళు మాత్రం ఆటుపోట్ల వేళల టేబుల్ చూసుకుని నీళ్ళు నిలకడగా ఉండే ఆ కాసేపట్లోనే దాటతారు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడి లోఫోటెన్ దీవుల్లో కాడ్ చేపల సీజన్. కర్రల పందిళ్ళ మీద ఉప్పు కూడా వేయకుండా ఎండబెడతారు.

ఇంకోటి, 2015 నుంచి అక్కడ 8 మీటర్ల లోపు బోటు కదులుతుంటే లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే, చట్టం. 2017 నవంబర్లో మన పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగిన రోజు గుర్తున్నవాళ్ళకి ఈ రూల్ ఎందుకో నేను చెప్పక్కర్లేదు, కృష్ణలో పడవెక్కితే ముందు జాకెట్ అడగండి, ఇవ్వకపోతే దిగిపోండి.