తెల్లకాగితమే చందా

మన బడి పూర్వ విద్యార్థుల సంచిక పని చూస్తున్న మిత్రుడు ఫోన్ చేసి, "బడి గురించి రెండు పేజీలు రాసివ్వు, మాస్టార్ల గురించో, స్కూల్ డే గురించో" అన్నాడు. సరేనన్నాను. తీరా కాగితం ముందేసుకుని కూర్చుంటే బడి గుర్తు రావడం లేదు. బడి మూసేశాక గడిచిన రోజులే గుర్తొస్తున్నాయి. ఏప్రిల్లో చివరి పరీక్ష రాసి బయటపడ్డ దగ్గర్నుంచి జూన్‌లో మళ్ళీ గేటు తీసేదాకా ఉండే ఆ ఏడు వారాలు. కాబట్టి ఇది బడి లేని రోజుల వ్యాసం. నచ్చకపోతే ఈ చోటులో ఏ బట్టల కొట్టు ప్రకటనో వేసుకోవచ్చు, నేనేమీ అనుకోను.

మాది బెజవాడ సత్యనారాయణపురం. అప్పట్లో రైలు పట్టాలు ఇళ్ళ మధ్య నుంచే పోయేవి. ఇప్పుడు బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నది ఆ పట్టాల చోటులోనే. మేముండే ఇంట్లో నాలుగు వాటాలు, ఒక పంపు, ఒక డాబా. బెజవాడ ఎండ గురించి ఈ సంచిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. పొద్దున పదకొండు దాటితే వీధిలో కుక్క కూడా కనిపించేది కాదు. మగపిల్లలు ఎలాగో ఒకలా జారుకునేవాళ్ళు. నన్ను మాత్రం "ఆడపిల్లవి, ఎండలో తిరిగితే నల్లబడతావే" అని వసారాలో కూర్చోబెట్టేవాళ్ళు. అలా కూర్చున్నంత మాత్రాన తెల్లబడిందీ లేదు గానీ, నాకు పత్రిక పిచ్చి పట్టుకున్నది ఆ వసారాలోనే.

1979 సంగతి. తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. పాత నోటుపుస్తకాలు తూకానికి వేసేముందు వాటిలో మిగిలిన తెల్లకాగితాలు తీసి కుట్టుకోవడం అందరిళ్ళలోనూ ఉన్నదే. వచ్చే ఏడాదికి అదే రఫ్ నోటు. సోషల్ నోట్సులో ఎప్పుడూ బోలెడు మిగిలేవి, లెక్కల నోట్సులో ఒక్కటీ మిగిలేది కాదు. కాగితాలు తీయడానికీ ఒక పద్ధతుంది. చింపకూడదు. నడుమ పిన్నులు విప్పి, జంట కాగితాన్ని జంటగానే లాగాలి. తర్వాత దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, నడిమి బెజ్జంలో మొదలుపెట్టిన దారాన్ని పైకీ కిందికీ తిప్పి, మళ్ళీ నడిమి బెజ్జం దగ్గరే ముడి వేయాలి. ఈ కుట్టు నాకు మా అమ్మమ్మ నేర్పింది. ఆవిడకి చదువు రాదు. పుస్తకం కుట్టడం మాత్రం వచ్చు.

ఆ ఏడు నేను కుట్టుకుంటూ ఉంటే పక్క వాటా అమ్మాయి వచ్చి కూర్చుంది. తనూ మన బడే, బి సెక్షన్. "ఎప్పుడూ రఫ్ నోటేనా? పత్రిక పెడదామే" అంది. చందమామ, బాలమిత్ర అద్దె పుస్తకాల కొట్టులో తెచ్చుకుని చదివేవాళ్ళం, అవి అయిపోతే ఇంకేం లేదు. అందుకని మేమే రాసుకోవాలని తీర్మానం. పేరు 'వడగాలి'. ఉన్నది ఒకటే ప్రతి, అదే వీధి అంతా తిరగాలి. చదివినందుకు అయిదు పైసలు వసూలు చేద్దామనుకున్నాం గానీ, అయిదు పైసలు ఎవరి దగ్గరా ఉండవు. ఉన్నా పుల్ల ఐసుకే పోతాయి. ఆఖరికి చందా ఒక తెల్లకాగితం అని తేల్చాం. రెండు పక్కలా ఖాళీగా ఉండాలి. మార్జిన్ కొట్టినదైనా ఫర్వాలేదు. అలా మొదటి సంచిక చదివినవాళ్ళు ఇచ్చిన కాగితాలతోనే రెండో సంచిక వచ్చింది. ఆ తర్వాత బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు ఉద్యోగం చేశాను గానీ, అప్పు లేకుండా అంత బాగా నడిచిన వ్యాపారం మళ్ళీ చూడలేదు.

సిరా బిళ్ళలు నీళ్ళలో కలిపితే నీలం వచ్చేది. మిగతా రంగులకి డబ్బుల్లేవు, పెరడుంది. బచ్చలి పళ్ళు చిదిమితే చిక్కటి ఊదా రంగు, చేతికి అంటితే రెండు రోజులు పోదు. పలక తుడుచుకునే చిక్కుడాకే బొమ్మల్లో చెట్లకి ఆకుపచ్చ. పసుపు వంటింట్లో ఉంది. ఎరుపు మాత్రం కష్టమైంది. కుంకుమ నీళ్ళలో సరిగ్గా కలిసేది కాదు. అమ్మమ్మ పారాణి కలపడం చూశాక తట్టింది. పసుపులో కాస్త సున్నం వేస్తే చాలు, ఎర్రగా తిరుగుతుంది. దాంతో మూడో సంచిక అట్ట మీద కృష్ణలో సూర్యాస్తమయం వేశాను, కిందే బ్యారేజీ గేట్లు. నా చేత్తో వేసిన బొమ్మల్లో అదొక్కటే బాగా కుదిరింది. పదిహేను రోజులయ్యేసరికి సున్నం బలం తగ్గిపోయి సూర్యుడు ఎరుపు పోయి పసుపులోకి తిరిగాడు. మా ఎడిటరు (పక్క వాటా అమ్మాయే, నేను ఉత్త ఉపసంపాదకురాలిని) "ఇప్పుడిది సూర్యోదయం" అని కింద పేరు మార్చి రాసింది.

అట్టలకి కాగితం తమ్ముడు తెచ్చేవాడు. బెజవాడ ప్రెస్సుల ఊరు. గవర్నరుపేటలో ఏ ప్రెస్సు ముందు చూసినా అంచులు కోసిన ముక్కలు గుట్టగా పడి ఉండేవి. అందులో పెళ్ళికార్డుల కోతలు దొరికితే పండగే. లేత గులాబీ, మీగడ రంగు, ఒక్కోసారి బంగారు గీత. అవన్నీ మైదా జిగురుతో అతికించి అట్ట చేసేవాళ్ళం. జిగురు ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదని సినిమా వాల్‌పోస్టర్లు అంటించే అతను చెప్పాడట. అది విషం కదా, మా అమ్మ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. అందుకే మా సంచికల్లో రెండింటిని పురుగు తినేసింది. మిగిలినవాటిలో ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

వేసవిలో కాలువలు కట్టేసేవాళ్ళు గుర్తుందా? బ్యారేజీ దగ్గర బందరు, ఏలూరు, రైవస్ కాలువలకి నీళ్ళు ఆపేస్తే, మగపిల్లలకి ఊరి మధ్యలో మూడు గ్రౌండ్లు దొరికినట్టే. కాలువలోనే క్రికెట్. తమ్ముడు ఆట అయ్యాక గుడ్డసంచీలో బంకమట్టి తెచ్చిపెట్టేవాడు. దాంతో బొమ్మలు చేసి డాబా మీద పెడితే సాయంత్రానికల్లా బీటలు. రోహిణి కార్తె ఎండకి రోళ్ళే పగులుతాయంటే నా మట్టి ఏనుగు ఒక లెక్కా? నీడలో గోనె కప్పి రెండు మూడు రోజులు మెల్లగా ఆరనివ్వాలని చాలా ఏనుగులు పోయాక తెలిసింది.

అప్పుడు మా కన్ను కొండపల్లి బొమ్మల మీద పడింది. ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు, ప్రతి ఇంట్లో బొమ్మల కొలువుకి అక్కడి అంబారీ ఏనుగు ఉంటుంది. వాళ్ళు తెల్లపొణికి చెక్కతో చేతులు, కాళ్ళు, తల విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారని ఎడిటరు వాళ్ళ నాన్నగారు చెప్పారు. పొణికి మాకెక్కడ దొరుకుతుంది? చింతగింజలు మాత్రం బస్తాడున్నాయి. అది కొత్త చింతపండు గింజ తీసే కాలం. నాలుగు వాటాల ఆడవాళ్ళూ మధ్యాహ్నాలు అదే పని. మంచి గింజలు కొన్ని ముందే పచ్చీసుకి, వామనగుంటలకి పక్కన పెట్టేశాం. మిగతావి వేయించి, దంచి, పొట్టు చెరిగి, రాత్రంతా నానేసి, రుబ్బి, ఉడికించాం. ఆ రుబ్బడం నేను జన్మలో మర్చిపోను. పొత్రం కదిలేది కాదు. కోతమిల్లు నుంచి పొట్టు తెచ్చి కలిపాక మాత్రం ముద్ద చపాతీ పిండిలాగా చక్కగా లొంగింది. దాంతో మా వాటాల పంపు చేశాం. పంపు, దాని ముందు పదకొండు బిందెల వరుస, చివర్న నడుం మీద చెయ్యి పెట్టుకుని పోట్లాడే ఒకావిడ. ఎవరని అడగొద్దు, అప్పుడు కూడా చెప్పలేదు. ఆరాక రాయిలాగా గట్టిపడింది. మైలుతుత్తం లేని లోటు దీనికీ తప్పలేదు, వానాకాలంలో ముందు బిందెలు పోయాయి, తర్వాత ఆవిడ.

నాలుగో సంచికలో 'వడగాలి సైన్సు' అని ఒక పేజీ పెట్టాం. సినిమా ఆడించడం ఎలా అని. గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు వరసగా ఉండేవి కదా, అక్కడి తెగిన రీలు ముక్కలు చేతులు మారి మారి మా వీధికీ వచ్చేవి. కాలిపోయిన బల్బు అడుగున నల్ల బిళ్ళ మెల్లగా పగలగొట్టి, లోపలిదంతా తీసేసి నీళ్ళు నింపితే అదే కటకం. గది తలుపులు మూసి, కిటికీ సందులోంచి ఎండని అద్దంతో లోపలికి కొట్టాలి. అద్దం పట్టుకున్నవాడు బయట మాడిపోతూ ఉండాలి, అందుకని ఆ డ్యూటీ వంతులవారీగా. ఎండకీ బల్బుకీ మధ్య రీలు ముక్క పెట్టి, ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉంటే నాన్న పంచె మీద హీరో ప్రత్యక్షం, తలకిందులుగా. కుంభాకార కటకం, తలకిందులైన నిజ ప్రతిబింబం అని ఆ ఏడే రెండు మార్కులకి రాసొచ్చాను. అది నిజంగా తలకిందులవుతుందని మాత్రం పంచె మీద చూశాకే నమ్మాను. రీలు తిరగేసి పెట్టాం. కదలని బొమ్మ, మాట లేదు. ఒక్క ముక్క పెట్టి ఒక్కొక్కరూ ఒక్కో కథ చెప్పాలని నియమం. హీరోయిన్ ఎందుకు ఏడుస్తోంది? ఉల్లిపాయలు తరిగిందని ఒకడు, పంపు నీళ్ళు అయిపోయాయని ఒకడు. అసలు సినిమా ఏమిటో మాకెప్పటికీ తెలియలేదు.

ఇక ఆవకాయ గొడవ. పత్రిక అన్నాక వార్తలుండాలి కదా. రెండో సంచికలో మా ఎడిటరు ముత్యాల్లాంటి అక్షరాలతో, "మూడో వాటావారి కొత్తావకాయకు బూజు పట్టినట్లు విశ్వసనీయ వర్గాల ద్వారా తెలిసింది" అని రాసింది. ఆ విశ్వసనీయ వర్గం మూడో వాటా పిన్నిగారి ఆరేళ్ళ కొడుకే. తడి గరిటె పెట్టింది కూడా వాడేనని తర్వాత తేలింది. బెజవాడలో ఒక ఇల్లాలి ఆవకాయకి బూజు పట్టిందని రాతపూర్వకంగా ప్రచురించడం ఎంత పనో అప్పటికి మాకు తెలియదు. పిన్నిగారు పత్రిక లాక్కుని చదివి, పంపు దగ్గర నాలుగు రోజులు మా అమ్మతో మాట్లాడలేదు. ఏడు వారాల్లో చందా కట్టకుండా చదివింది ఆవిడొక్కరే. మూడో సంచికలో "సదరు ఆవకాయ నిక్షేపంగా ఉన్నదనీ, పై భాగం మాత్రమే తీసివేయడమైనదనీ తెలియజేయుటకు సంతోషిస్తున్నాము" అని సవరణ వేశాం. అది చదివాక ఇంకో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆవిడతో రాజీ వడియాల దగ్గర కుదిరింది. డాబా మీద తడిపిన పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెడుతుంటే, గరిటెతో గుండ్రంగానే ఎందుకు పొయ్యాలని నేను అక్షరాలు పోయడం మొదలుపెట్టాను. పిన్నిగారు దూరం నుంచి చూసి చూసి, చివరికి గరిటె తీసుకుని వాళ్ళబ్బాయి పేరు పోశారు. నూనెలో వేస్తే అక్షరాలు పొంగి ఒకదాన్నొకటి గుర్తుపట్టలేనట్టు తయారయ్యాయి. 'క' ఏదో 'త' ఏదో తినేవాడికే తెలియాలి.

ఆ రోజులే బాగుండేవని రాయబోవడం లేదు. కరెంటు పోతే విసనకర్ర తిప్పలేక చచ్చేవాళ్ళం, ఒళ్ళంతా చెమటకాయలు. మా మనవరాలు వేసవిలో ఫోన్‌లోనే బొమ్మలు వేస్తుంది, నాకంటే ఎంతో బాగా వేస్తుంది కూడా. నా దగ్గరున్న సంచిక చూపిస్తే వాసన చూసి "ఇందులో ఏం కలిపారు?" అంది. అరవై శాతం పసుపే అన్నాను.

పత్రికలో అసలు ఆకర్షణ నా సీరియల్. ఆ ఏడు అందరి నోటా ఒకటే మాట, స్కైలాబ్. ఆకాశంలోంచి అమెరికావాళ్ళ ప్రయోగశాల పడిపోబోతోంది, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. ఎటూ పోయేదే కదా అని కొందరు ఉన్న కోళ్ళు కోసుకుని తింటున్నారని చెప్పుకునేవాళ్ళు. నేను 'స్కైలాబ్ వస్తోంది' అని అయిదు భాగాలు రాశాను. ప్రతి భాగం చివరా అది మా వీధికి ఇంకొంచెం దగ్గరవుతుంది. అయిదో సంచిక వచ్చేసరికి బడి తెరిచారు. అది ఇంకా పైనే ఉంది.

పదో తరగతి మొదటి వారంలో ఎడిటరు, నేను ధైర్యం చేసి అయిదు సంచికలూ మన తెలుగు మాస్టారికి ఇచ్చాం. ఆయన్ని మీరంతా ఎరుగుదురు, పేరు చెప్పను. దీర్ఘం తప్పితే బెంచీ ఎక్కించేవారు. మధ్యాహ్నం భోజనాల గంటలో స్టాఫ్ రూము కిటికీలోంచి తొంగి చూశాం. క్యారేజీ మూత తీసి అలాగే ఉంది, ఆయన చదువుతున్నారు. గంట కొట్టాక పిలిచారు. బచ్చలి రంగు వేలికి అంటి ఉంది. అచ్చుతప్పుల గురించి ఏమీ అనలేదు.

"సీరియల్ ఆఖరు భాగం ఏదీ?" అన్నారు.

"ఇంకా పడలేదు మాస్టారూ."

లెసన్ ప్లాన్లు రాసుకునే పుస్తకం తీసి, పిన్ను విప్పి, జంట చెడకుండా కాగితాలు తీసి లెక్కపెట్టి ఇచ్చారు. అయిదు సంచికలకి అయిదు, పైన ఇంకొకటి. "ఇది పడ్డాక రాయడానికి" అన్నారు.

జూలై 11న స్కైలాబ్ పడింది. హిందూ మహాసముద్రంలో కొంత, ఆస్ట్రేలియాలో కొంత. నేను ఆ కాగితం మీద మాత్రం మా పంపు మీదే పడేశాను, పదకొండు బిందెలతో సహా.