గాలి పద్దు

ఐస్‌లాండ్‌లో కారు అద్దెకు తీసుకుందామన్నది మా బావ ఆలోచన, బుక్ చేసిందీ ఆయనే, తీరా నడపాల్సి వచ్చింది నేను. బావావాళ్ళు లండన్‌లో ఉంటారు. అక్కడ డ్రైవింగ్ టెస్టు ఆటోమేటిక్ బండిలో ఇచ్చి పాసైతే లైసెన్సు కూడా ఆటోమేటిక్‌కే ఇస్తారు, గేర్ల బండి ముట్టుకోవడానికి లేదు. మనవాళ్ళు చాలామంది ఈ దారినే గట్టెక్కుతారు, బావా అంతే. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు, చవగ్గా కనపడిన బండికి గేర్లు ఉన్నాయా లేవా అని చూసుకోలేదు. కెఫ్లావిక్ విమానాశ్రయంలో కౌంటర్ దగ్గర కుర్రాడు బావ లైసెన్సు వెనక్కి తిప్పి 78 అనే అంకె మీద వేలు పెట్టి, "ఇది ఆటోమేటిక్ లైసెన్సు, మీ బండి మాన్యువల్" అన్నాడు. జూన్ నెల, సీజను, ఆటోమేటిక్ ఒక్కటీ ఖాళీ లేదు. నలుగురూ తిరిగి నా వంక చూశారు. నలుగురంటే బావ, అక్క, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ మేనల్లుడు.

నా దగ్గర ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉంది. హైదరాబాద్‌లో బయల్దేరే ముందు ఆర్టీఏ ఆఫీసుకి వెళ్ళి, పాస్‌పోర్టు, వీసా కాపీలు ఇచ్చి తీసుకున్నాను, ఏడాది చెల్లుతుంది. నిజం చెప్పాలంటే ఖాళీ రోడ్డు మీద ఓ అరగంట నడిపి ఫొటో దిగుదామని తీసుకున్నదే అది. నాలుగు రోజులూ నా నెత్తిన పడుతుందని అనుకోలేదు.

బండి డస్టర్. మన దగ్గర రెనో పేరుతో అమ్మినదే, అక్కడ డాసియా. తెలిసిన మొహం కనపడినట్టు కాస్త ధైర్యం వచ్చింది. ఆ ధైర్యం ఇన్సూరెన్సు కాగితం చూసేదాకానే. మామూలు ఇన్సూరెన్సు కాకుండా కంకర రాయి తగిలి అద్దం పగిలితే ఒకటి, ఇసుకా బూడిదా కొట్టి రంగు పోతే ఇంకొకటి అట. బూడిదంటే అగ్నిపర్వతాల బూడిద! మేం వెళ్ళిన 2024 జూన్‌లో కూడా విమానాశ్రయానికి అంత దూరంలో లేని గ్రిండావిక్ దగ్గర లావా పారుతూనే ఉంది. నేను ఒక్కో గడికీ టిక్ పెట్టించాను, బావ లెక్క చూసి మూలుగుతున్నా వినలేదు. అప్పుడా కుర్రాడు కాగితం కింద ఇంకో లైన్ చూపించాడు. గాలికి తలుపు విరిగితే ఏ ఇన్సూరెన్సూ వర్తించదు, మొత్తం మీదే. తలుపు లోపలి వైపు దాని గురించే ఒక స్టిక్కరు కూడా అంటించి ఉంది. గాలికి ఎదురుగా బండి ముక్కు పెట్టి ఆపండి, తలుపు తీసేటప్పుడు చేత్తో గట్టిగా పట్టుకోండి అని రెండుసార్లు చెప్పాడు. నేను దాన్ని మనసులో రాసుకుని, అక్కడి నుంచి బండి ఆగిన ప్రతిచోటా "తలుపు పట్టుకోండి, తలుపు పట్టుకోండి" అని అరవడం మొదలుపెట్టాను. మేనల్లుడు నాకు తలుపు మామయ్య అని పేరు పెట్టాడు.

మొదటి యాభై కిలోమీటర్లు, అంటే రాజధాని రేక్యవిక్ దాకా, ఎలా నడిపానో నాకే తెలీదు. స్టీరింగ్ ఎడమ పక్క, గేరు కుడి చేతికి. క్లచ్చు, బ్రేకు, యాక్సిలరేటరు మాత్రం మన వరసలోనే ఉంటాయి, కాళ్ళకి ఇబ్బంది లేదు, చేతులకే వచ్చిన చిక్కంతా. గేరు మార్చాలనుకున్నప్పుడల్లా ఎడమ చెయ్యి వెళ్ళి తలుపుకి కొట్టుకునేది. మన స్విఫ్ట్‌లో ఇండికేటరు స్టీరింగ్‌కి కుడి పక్క ఉంటుంది కదా, ఆ అలవాటుకి కుడికి తిరగాల్సిన ప్రతిసారీ వైపర్లు వేశాను. ఎండలో వైపర్లు ఆడించుకుంటూ పోతున్న బండిని చూసి అక్కడివాళ్ళు ఏమనుకున్నారో! హారన్ మాత్రం ఎవరూ కొట్టలేదు. అది ఇంకా భయం, ఎవరైనా కొడితే కనీసం తప్పు చేశానని తెలిసేది.

రౌండ్ అబౌట్లు వేరే పాఠం. మన దగ్గర ఎడమ పక్కన పోతాం కాబట్టి సర్కిల్ చుట్టూ ప్రదక్షిణగా తిరుగుతాం, అక్కడ అన్నీ అప్రదక్షిణలే. పైగా రెండు లేన్ల సర్కిల్‌లో లోపలి లేన్‌లో ఉన్నవాడు బయటికి వస్తుంటే బయటి లేన్‌వాడు ఆగి దారి ఇవ్వాలి. అక్క పక్కసీట్లో కూర్చుని, "గీత నీ ఎడమ చేతి పక్కనే ఉండాలిరా" అని ఒకటే జపం. నిజానికి ఆ ఒక్క మాటే నన్ను కాపాడింది. కుడి, ఎడమ అనుకుంటే బుర్ర తిరుగుతుంది. రోడ్డు మధ్య గీత డ్రైవరు పక్కనే ఉండాలి, మన దేశంలోనూ అంతే, అక్కడా అంతే.

ఒక్కసారే తప్పాను. ఊళ్ళో కాదు, ట్రాఫిక్‌లో కాదు, హ్వోల్స్‌వోల్లుర్ అనే ఊరు దాటాక ఓ బంకులోంచి బయటికి వచ్చినప్పుడు. ముందూ వెనకా ఒక్క బండి లేదు. వెళ్ళే బండి వెనకాల వెళ్తుంటే పొరపాటు జరగదు, అది పోయే పక్కకే పోతాం. ఖాళీ రోడ్డు కనపడేసరికి చేతులు హైదరాబాద్ వెళ్ళిపోయాయి, హాయిగా ఎడమ పక్కన అర నిమిషం పైగా నడిపేశాను. ఎవరూ గమనించలేదు. దూరంగా ఎదురుగా ఒక ట్రక్కు కనపడి, అదేంటి మన లేన్‌లో వస్తోంది అని నేనే విసుక్కుంటుంటే అక్క అరిచిన అరుపు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ తర్వాత అక్క నిద్రపోలేదు. జూన్‌లో అక్కడ చీకటి పడదు కాబట్టి అర్ధరాత్రి కూడా నిద్రపోలేదు.

దాని తర్వాత మాత్రం చెయ్యి తిరిగింది, రోడ్డు మీద ఆనందం మొదలైంది. తారు రోడ్డు మీద 90, మట్టి రోడ్డు మీద 80, ఊళ్ళలో 50, పట్టపగలు కూడా హెడ్‌లైట్లు వెలగాల్సిందే. దీవి చుట్టూ తిరిగే ఒకటో నంబరు రోడ్డు 1,300 కిలోమీటర్ల పైచిలుకు, అందులో మాది దక్షిణం ముక్క మాత్రమే. ఎడమ పక్క కొండల మీంచి జలపాతాలు, కుడి పక్క సముద్రం, మధ్యలో మైళ్ళ కొద్దీ ఊదారంగు లుపిన్ పూలు. సెల్యాలాండ్స్‌ఫోస్, స్కోగాఫోస్ అన్న జలపాతాలు రెండూ అరవై మీటర్ల ఎత్తు, రెండూ రోడ్డు మీదినుంచే కనపడతాయి. ఎయ్యఫ్యాల్లయోకుల్ కింద నుంచి వెళ్ళాం, 2010లో బూడిద చిమ్మి యూరప్ విమానాల్ని చాలావరకు ఆపేసిన కొండ. ఆ పేరు బావ ఇంకా పలుకుతూనే ఉన్నాడు.

గొర్రెల గురించి చెప్పాలి. వేసవిలో వాటిని కొండల మీదికి వదిలేస్తారు, రోడ్డు కూడా వాటిదే. తల్లి ఒక పక్క, పిల్ల ఇంకో పక్క ఉంటే పిల్ల సరిగ్గా మనం దగ్గరికొచ్చాకే తల్లి దగ్గరికి పరిగెడుతుంది. మన ఊళ్ళ రోడ్ల మీద మేకలకీ, గేదెలకీ బ్రేకు వేసిన అనుభవం అక్కడ బాగా పనికొచ్చింది. ఒక బండి మాత్రమే పట్టే వంతెనలు కూడా అంతే. ముందు వచ్చినవాడు ముందు పోతాడు, రెండోవాడు ఆగుతాడు. మేం ఆగిన ప్రతిసారీ అవతలివాడు చెయ్యెత్తి థాంక్స్ చెప్పి వెళ్ళాడు. రెండో రోజుకి నేను కూడా చెయ్యెత్తడం నేర్చుకున్నాను, ఇక్కడికొచ్చాక ఓ వారం పాటు మియాపూర్‌లో కూడా ఎత్తాను, ఒక ఆటోవాడు నేను లిఫ్ట్ అడుగుతున్నాననుకున్నాడు.

విక్ అనే ఊరి దగ్గర వంటగది ఉన్న కాటేజీ తీసుకున్నాం. హోటల్ తిండి ధర చూస్తే ఆకలి పోతుంది. అక్క లండన్ నుంచి చిన్న రైస్ కుక్కరు, ఆవకాయ తెచ్చింది. పెరుగు కోసం షాపులో వెతికితే స్కీర్ అని వాళ్ళ సొంత పెరుగు దొరికింది, గరిటె నిలబడేంత గట్టిది. నీళ్ళు కలిపి, ఉప్పేసి, అన్నంలో కలిపితే కమ్మగా కాస్త పుల్లగా ఉంది. రాత్రి పదకొండింటికి ఎండలో కూర్చుని ఆవకాయ నంజుకుంటూ స్కీరన్నం తిన్నాం. ఆ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన పూట అది, జలపాతాలు ఏమనుకున్నా సరే.

మూడో రోజు పొద్దున్న తూర్పుకి బయల్దేరాం, యోకుల్సార్లోన్ అనే మంచుగడ్డల మడుగు చూడాలని. విక్ దాటగానే రోడ్డు పక్క ఎలక్ట్రానిక్ బోర్డు. ఒక అంకె ఉష్ణోగ్రత, ఒకటి గాలి వేగం. 18 అని ఉంది. "పద్దెనిమిదేగా, మన సీలింగ్ ఫ్యాన్ పాటి ఉండదు" అన్నాడు బావ. నేనూ సరేననుకున్నాను. దారంతా నాచు పరుచుకున్న లావా, 1783లో లాకీ అనే అగ్నిపర్వతం పేలి పారింది, ఆ తర్వాత వచ్చిన కరువులో దేశంలో అయిదో వంతు జనం పోయారట. ఫొటోల్లో మెత్తటి పచ్చ పరుపులా ఉంటుంది, అది తెలిశాక చూస్తే అలా అనిపించలేదు. క్లాస్టుర్ అనే ఊరు దాటాక బండి తనంతట తానే పక్కకి జరుగుతున్నట్టు అనిపించింది, స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకుని వెళ్ళాను.

తర్వాత స్కెయిదరార్‌సాండుర్. నల్ల ఇసుక మైదానం, చెట్టు లేదు, గోడ లేదు, గాలికి అడ్డం అంటూ ఏమీ లేదు. 1996లో మంచుకొండ కింద అగ్నిపర్వతం పేలి, కరిగిన నీరంతా ఒక్కసారిగా ఈ మైదానం మీద పడింది. సెకనుకి సుమారు 45 వేల ఘనపు మీటర్లు, మన లెక్కలో 15 లక్షల క్యూసెక్కుల పైమాటే, దాంతోపాటు ఇళ్ళంత మంచుగడ్డలు. రోడ్డు వంతెన కొట్టుకుపోయింది. మెలి తిరిగిన దాని ఇనుప దూలాలు రోడ్డు పక్కన అలాగే పెట్టారు చూడ్డానికి. అక్కడ ఆగాం. దూలాలు, వెనకాల హిమానీనదం రెండూ ముందు అద్దంలోంచి ఒకే ఫొటోలో వస్తాయని బండిని తిప్పి ఆపాను. తిప్పానంటే, గాలికి వీపు పెట్టాను.

"తలుపు పట్టుకోండి" అని అందరికీ చెప్పి, నా తలుపు నేను తీశాను. పట్టుకున్నాను కూడా, ఒక చేత్తో. చెయ్యి నాదే కాదన్నట్టు లాక్కుని వెళ్ళిపోయింది. ఇనుము నలిగిన చప్పుడు. తలుపు తెరుచుకోవాల్సిన దానికంటే ఇంకో జానెడు ముందుకి వెళ్ళి, ముందు చక్రం మీది రేకుని నొక్కేసి ఆగింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి మేనల్లుడు దూలాల వంకా తలుపు వంకా చూసి, "మామయ్యా, సేమ్ టు సేమ్" అన్నాడు. వాడే ఇంకో మాట కూడా అన్నాడు, ఆ బోర్డు మీద అంకె పక్కన చిన్న అక్షరాల్లో సెకనుకి మీటర్లు అని ఉందని. పద్దెనిమిదిని 3.6తో గుణిస్తే గంటకి దాదాపు 65 కిలోమీటర్లు, ఈదురుగాలి దానికి పైన. "మరి అప్పుడే చెప్పలేదేంట్రా" అంటే, "మీకు తెలుసనుకున్నా" అన్నాడు.

అందరం కలిసి నెట్టితే తలుపు మొదటి గాటు దాకా పడింది, పూర్తిగా పడలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే, మూసుకుంటే నెమ్మదిగా తీసుకురండి అన్నారు. అక్క చున్నీతో తలుపు హ్యాండిల్‌ని సీటుకి కట్టాం. నేను పక్కసీటు లోంచి గేరు మీదుగా పాక్కుంటూ వచ్చి కూర్చున్నాను. మంచు మడుగు అక్కడికి ఇంకో అరవై కిలోమీటర్లు ఉంటుందేమో, వెనక్కి తిరిగాం. రేక్యవిక్ 300 కిలోమీటర్ల పైనే. ఆ దూరమంతా అరవై దాటితే తలుపు సందులోంచి ఈల. క్లాస్టుర్ బంకులో ఒక పెద్దాయన చూసి, మాటా పలుకూ లేకుండా తన ట్రక్కులోంచి వెడల్పాటి టేపు తెచ్చి బయట నుంచి చుట్టేసి, డబ్బులివ్వబోతే తీసుకోకుండా వెళ్ళిపోయాడు. టేపు చుట్టిన తీరు చూస్తే అతనికిది మొదటి తలుపు కాదనిపించింది.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు నేను కథంతా మొదలుపెట్టబోయాను. కౌంటర్ కుర్రాడు టేపు చూసి, ఎక్కడ అని మాత్రం అడిగాడు. చెప్పాను. తలూపి, ఒక ప్రింటెడ్ కాగితం తీసి దానిమీద అంకె వేశాడు. లక్షా నలభై వేల క్రోనాలు, మన డబ్బులో ఎనభై అయిదు వేలకి కాస్త అటూ ఇటూ. కంకరకీ, బూడిదకీ, ఇసుకకీ కట్టిన ఇన్సూరెన్సు మాత్రం నాలుగు రోజులూ ఖాళీగా కూర్చుంది.

ఆ డబ్బు ఎవరిదన్న సంగతి ఇంకా తేలలేదు. ఆటోమేటిక్ బుక్ చేసి ఉంటే తాను నడిపేవాడు కాబట్టి తప్పు తనదేనని బావ అంటాడు, అది ఉదారంగా అన్నట్టుంటుంది గానీ వెంటనే, "నేనైతే గాలికి వీపు పెట్టేవాణ్ణి కాదనుకో" అని కలుపుతాడు. మా ఆవిడ దాన్ని గాలికి పోయే కంప తెచ్చి తగిలించుకోవడం అంటుంది, నడుపుతానని ఎవరు చెప్పమన్నారని. ఖర్చులన్నీ అక్క ఒక షీట్‌లో రాసి గ్రూపులో పెట్టింది. డీజిలు, కాటేజీ, పార్కింగు, స్కీరు, అన్నిటికీ ఎదురుగా ఎవరెంత ఇవ్వాలో ఉంది. ఆ ఒక్క వరసలో మాత్రం "గాలికి 1,40,000" అని రాసి, ఎవరివంతు అన్న గడి ఖాళీగా వదిలేసింది.