బీరువా వెనక గోడ

మేం ఆ ఇల్లు కొన్నప్పుడు వెనక పడగ్గదిలో ఒక పెద్ద ఇనప బీరువా ఉండేది. అమ్మినవాళ్లు దాన్ని మాకే వదిలేస్తామంటే సంతోషించాం. మొదటి వానాకాలంలో గదంతా ముక్కవాసన వేస్తుంటే బీరువా పక్కకు జరిపాం. గోడ నడుం ఎత్తు దాకా నల్లబడి ఉంది. వేలు పెడితే పెచ్చు ఊడి వచ్చింది. ఫోన్ చేసి అడిగితే "మేమున్నప్పుడు అలా లేదండీ" అన్నారు. కానీ బీరువా వెనక రేకంతా తుప్పు. అంత తుప్పు ఒక్క వానాకాలంలో పట్టదు. డబ్బు సంగతి అలా ఉంచితే, మమ్మల్ని కూర్చోబెట్టి అంత ఆప్యాయంగా మాట్లాడినవాళ్లు ఇలా చేశారే అన్న బాధ చాలా కాలం ఉండిపోయింది.

పదకొండేళ్ల తర్వాత అదే ఇల్లు మేం అమ్మాల్సి వచ్చింది. ఈలోగా బయటి గోడకు ప్లాస్టరింగ్ చేయించాం, అవతల ఉన్న బాత్రూమ్ టైల్స్ సందులు పూడ్పించాం. చెమ్మ చాలావరకు తగ్గింది కానీ పోలేదు. వానలు పడితే అరచేయంత మరక మళ్లీ కనిపించేది. గోడ పగలగొట్టి లోపలి పైపు చూడాలని ప్లంబర్ అంటూనే ఉన్నాడు, మేం వాయిదా వేస్తూనే ఉన్నాం.

బ్రోకర్ వచ్చి చూసి, "వేసవిలోనే చూపించేద్దాం సార్. పుట్టీ పెట్టి రెండు పూతలు రంగు కొట్టిస్తే సరిపోతుంది. చూసుకోవాల్సింది కొనేవాళ్లు, మనం చెప్పడమేంటి?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. అందరికీ చెప్పేదే నాకూ చెప్పాడు. మేం కొనబోయే ఇంటికి అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాం, దాని గడువు దగ్గర పడుతోంది. ఆ టెన్షన్‌లో నేను సరేనని పెయింటర్‌ని కూడా మాట్లాడాను. రాత్రి ఆ సంగతి చెబితే మా ఆవిడ, "బీరువా జరిపిన రోజు మీరు ఏమన్నారో గుర్తుందా?" అని అడిగింది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మర్నాడు పెయింటర్‌ని రావద్దన్నాను.

ఇద్దరం కూర్చుని ఇంట్లో మాకు తెలిసిన లోపాలన్నీ ఒక కాగితం మీద రాశాం. చెమ్మ గోడ. వంటగది సింకులో నీళ్లు నెమ్మదిగా దిగడం. సరిగా మూతపడని కిటికీ. ముందుగది పైకప్పు దగ్గర వెంట్రుకంత పగులు. దాని రెండు చివర్లా మూడేళ్ల కిందట పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ వేశాను. పగులు ఆ గీతలు దాటలేదు, అదీ రాశాం. ఇంటి మీద ఇంకా లోన్ ఉందని, ఒరిజినల్ డాక్యుమెంట్లు బ్యాంకులోనే ఉన్నాయని కూడా రాశాం. బీరువాను గది మధ్యకు లాగి పెట్టాం.

మొదట వచ్చినాయన ఆ కాగితాన్నే నా మీద ప్రయోగించాడు. ఒక్కో లైను చదవడం, రేటు ఇంత తగ్గించమనడం. చివరికి "ఇన్ని లోపాలున్న ఇల్లు ఎవరు కొంటారండీ" అనేసి వెళ్లిపోయాడు. రెండోసారి వచ్చిన కుటుంబం మళ్లీ ఫోనే చేయలేదు. బ్రోకర్ నాతో మాట్లాడటం తగ్గించాడు. ఆ వారం ఎంత నలిగిపోయానంటే, ఒక సాయంత్రం పెయింటర్ నంబరు తీసి చూస్తూ కూర్చున్నాను. ఉన్నదున్నట్టు చెబితే అంతా మంచే జరుగుతుందని చెప్పేవాళ్లు ఇలాంటి వారం ఒకటి ఉంటుందని కూడా చెప్పాలి.

మూడోసారి ఒక పెద్దావిడ, వాళ్లబ్బాయి వచ్చారు. ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, "మా మేస్త్రీని తెచ్చుకోవచ్చా బాబూ?" అని అడిగింది. తప్పకుండా తెచ్చుకోమన్నాను. మేస్త్రీ గోడంతా తట్టి చూసి, మరక ఉన్నచోట ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు అంచులా టేపు అంటించి రెండు రోజులు వదిలేశాడు. నీటి చుక్కలు కవరు పైన పడితే తేమ గదిలోని గాలిది, లోపలివైపు పడితే గోడలోంచి వస్తున్నట్టట. లోపలే పట్టాయి. రిపేరుకు ఎంతవుతుందో లెక్క కట్టి రాసిచ్చాడు. ఆ అబ్బాయి దాన్ని నా ముందు పెట్టి, "సార్, మీరు చెప్పిన రేటులో ఇది తగ్గించండి. ఇంతకు మించి అడగను" అన్నాడు. అప్పటిదాకా నేను చూసిన బేరాల్లో ఇంటిని కించపరచకుండా సాగినది అదొక్కటే. అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

అడ్వాన్సు తీసుకున్నాం, అగ్రిమెంట్ ఇంకా రాసుకోలేదు. ఆ మధ్యలో ఇంకొకరు ఎక్కువ ఇస్తామంటున్నారని బ్రోకర్ ఫోన్ చేశాడు. "సంతకాలు కాలేదుగా, అడ్వాన్సు తిరిగి ఇచ్చేయండి" అన్నాడు. మాకు డబ్బు అవసరం లేదని కాదు. కానీ ఆ పెద్దావిడ అప్పటికే తనుంటున్న అద్దె ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేసింది. మాట ఇచ్చేశానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

వాళ్ల లోన్ శాంక్షన్ కావడం మూడు వారాలు ఆలస్యమైంది. వాళ్ల బ్యాంకు నా బాకీని నేరుగా మా బ్యాంకుకు కట్టి, మిగిలింది నాకివ్వాలి. బాకీ తీరితే గానీ డాక్యుమెంట్లు బయటికి రావు. అది కదలకపోతే నేను కొనే ఇంటికి డబ్బు కట్టలేను. ఆ ఇంటాయన దగ్గరికి వెళ్లి సాకులేవీ చెప్పకుండా ఉన్న పరిస్థితి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ముందే వచ్చి చెప్పారు కాబట్టి ఆగుతాను" అన్నాడు. గడువు పొడిగించినట్టు కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. నమ్మకం ఉన్నా రాసుకోవాలనే అంటాను. ఏం అనుకున్నామో తర్వాత వెతుక్కునే పని ఉండదు.

రిజిస్ట్రేషన్ అయ్యాక తాళాలతో పాటు ఒక నోట్‌బుక్ ఇచ్చాం. ఏ వాల్వు ఏ నీళ్లు ఆపుతుంది, మెయిన్ స్విచ్ బోర్డులో ఏది ఏ గదిది, ఏ గదికి ఏ రంగు వేశాం, అన్నీ అందులో ఉన్నాయి.

నెల తర్వాత ఆ అబ్బాయి ఫోన్ చేసి ఒకసారి రమ్మన్నాడు. వెళ్లేసరికి వెనక గది గోడ తెరిచి ఉంది. తుప్పు పట్టి చిల్లు పడిన పైపు మలుపు ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "ఇదేనండీ" అన్నాడు. పదకొండేళ్లుగా మమ్మల్ని సతాయించింది అంత చిన్న ముక్క. లోపల ఇంకో చోట కూడా పైపు మార్చాల్సి వచ్చిందని, ఖర్చు మేస్త్రీ రాసినదానికంటే పెరిగిందని మాటల్లో తెలిసింది. ఆ తేడాలో సగం నేనిస్తానన్నాను.

"వద్దు సార్. మనం అనుకున్నది అనుకున్నదే" అన్నాడు. లోపలి నుంచి వాళ్లమ్మ, బీరువాను మళ్లీ గోడకి జరపాలి, ఒక చెయ్యి వేసి వెళ్లమని పిలిచింది.