వదినకి నేనంటే ఇష్టం లేదు

మాది బొబ్బిలి. పోయినేడు నెల రోజులు దగ్గు తగ్గకపోతే ఒక ప్రైవేటు క్లినిక్‌లో మామూలు దగ్గేనని సిరప్ మీద సిరప్ రాశారు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలకి జాకెట్టు తడిసిపోయేది, 8 కిలోలు తగ్గాక గళ్ల పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. రెండు నెలలు నాలుగు రకాల మందు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు, అన్నీ ఉచితమే. మొదట్లో మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని ఏడ్చేశాను. రిఫాంపిసిన్ మందు రంగట అది, ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా!

సంఘంలో నేనంటే అందరికీ ఇష్టం, పాటలు పాడతాను మరి. ఫోన్లో ప్రార్థనలు చేశారు, గుమ్మం మాత్రం ఎవరూ తొక్కలేదు. తప్పు పట్టను, నాకే భయమేసి పిల్లాణ్ణి అమ్మ దగ్గరికి పంపేశాను.

వచ్చింది మా పెద్దాడపడుచు. ఇంటి స్థలం గొడవయ్యాక నాలుగేళ్లుగా చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర కూడా మొహాలు తిప్పుకునేవాళ్లం. ముక్కుకి మాస్కు, చేతిలో స్టీలు గిన్నె, అందులో చోడంబలి, అదే రాగి జావ. "ఎందుకొదినా" అంటే, "ఇష్టమై వచ్చాననుకున్నావేటి? తాగు, సల్లారిపోద్ది" అంది. ఆర్నెల్లూ అలాగే, తిడుతూనే. వికారంగా ఉంది, మందు మానేస్తానంటే మంచం పక్కన కూర్చుని మింగించేది.

ఆ రోజుల్లోనే యోహాను సువార్త 21వ అధ్యాయం మళ్లీ చదివాను. నన్ను ప్రేమిస్తున్నావా అని యేసు తన శిష్యుడు పేతురుని మూడుసార్లు అడుగుతాడు. మన బైబిల్లో మూడూ ప్రేమే గానీ, గ్రీకులో మొదటి రెండుసార్లు అగపావో అంటే నిస్వార్థమైన ప్రేమ, మూడోసారి ఫిలేయో అంటే స్నేహం లాంటి ఇష్టం, పేతురు మాత్రం మూడుసార్లూ ఫిలేయో అనే జవాబిచ్చాడని పాస్టరు గారు ఫోన్లో చెప్పారు. రెండూ ఒకటేననే పండితులూ ఉన్నారట, ఆ తగవు నాతో తేలేది కాదు. నాకు పట్టుకున్నది వేరే. ప్రేమిస్తున్నాను ప్రభువా అన్న ప్రతిసారీ, ఐతే నా గొర్రెల్ని చూసుకో అన్నాడాయన, గొర్రెలంటే ఆయన్ని నమ్మినవాళ్లే. గొర్రెలు నీకు నచ్చాయా అని అడగలేదు.

చివరి పరీక్ష నెగటివ్ వచ్చిందని నేనే వాళ్లింటికి వెళ్లి చెప్పాను. స్థలం సంగతి ఇద్దరం ఎత్తలేదు, అది ఇంకా అలాగే ఉంది. వదిన చీపురు ఆపకుండానే, "మంచిదే. మరి నా గిన్నేదీ?" అంది.