చంపడం ఒక ప్రశ్న, పెంచడం మరో ప్రశ్న

మాంసం తినడం తప్పా ఒప్పా అన్న వాదన ఆన్‌లైన్‌లో ఎవరి మధ్య మొదలైనా, అది ఏ దారిన పోతుందో మొదటి నాలుగు మాటల్లోనే తెలిసిపోతుంది. ఒకరు జీవహింస అంటారు, ఇంకొకరు మొక్కలకు ప్రాణం లేదా అని అడుగుతారు, మూడో మనిషి వచ్చి మీ కాళ్లకున్న చెప్పులు దేనితో కుట్టారని నిలదీస్తాడు. అక్కడి నుంచి చర్చ జంతువును వదిలేసి మనుషుల మీదికి మళ్లుతుంది. నేను మాంసం తింటాను. కోడిమాంసం మాత్రం మానేశాను, ఎందుకో ముందు ముందు చెబుతాను. ఈ వాదనల్ని చదివీ, అప్పుడప్పుడూ వాటిలో తలదూర్చీ నాకు తోచిన విషయం ఒకటుంది. జంతువును చంపడం న్యాయమా అన్న ప్రశ్ననూ, చంపేదాకా దాన్ని ఎలా పెంచుతున్నామన్న ప్రశ్ననూ ఒకే గాటన కట్టేయడం వల్లే ఈ చర్చ ముందుకు కదలడం లేదు. మొదటి ప్రశ్న మీద నిజాయతీగా ఆలోచించేవాళ్లకు కూడా ఏకాభిప్రాయం కుదరదు. రెండో ప్రశ్న మీద మాత్రం మనం అనుకునేటంత అభిప్రాయభేదం లేదు.

ముందు ఆ చెప్పుల సంగతి చూద్దాం. ఎదుటివాడి మాటకూ చేతకూ పొంతన లేదని చూపించడం ఈ వాదనల్లో అందరికీ ఇష్టమైన ఆయుధం, ఎందుకంటే దానికి విషయపరిజ్ఞానం ఏమీ అక్కరలేదు. కానీ పొంతన లేదని తేలినా, తేలేది ఆ మనిషి సంగతే తప్ప వాదం సంగతి కాదు. పొగ హానికరమని సిగరెట్టు మానలేని వైద్యుడు చెప్పినంత మాత్రాన అది ఊపిరితిత్తులకు మంచిదైపోదు కదా. అయితే ఈ ఎత్తిపొడుపులో ఒక ముక్క మాత్రం నిజంగా జవాబు చెప్పవలసినదే. మాంసం మాని గుడ్లూ పాలూ తీసుకునేవారు తమ చేతికి రక్తం అంటలేదని అనుకుంటారు. గుడ్ల కోసం పెంచే కోళ్ల జాతి వేరు, మాంసం కోసం పెంచే జాతి వేరు. గుడ్ల జాతిలో పుట్టిన పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, త్వరగా కండ పట్టదు, అందుచేత దాన్ని సాకడం దండగని లెక్క. గుడ్లు పొదిగించే హేచరీలో పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చిన రోజే పెట్టలనూ పుంజులనూ వేరుచేసి, పుంజుల్ని యంత్రంలో వేసి నలిపో వాయువుతో ఊపిరాడనీయకో చంపేస్తారు. ప్రపంచం మొత్తం మీద ఏటా ఇలా పోయే పిల్లలు వందల కోట్లు. జర్మనీ 2022 నుంచి దీన్ని నిషేధించింది, పిల్ల ఆడదో మగదో గుడ్డులో ఉండగానే పసిగట్టే పద్ధతులు అప్పటికే వచ్చాయి. పాల సంగతీ ఇంచుమించు ఇలాంటిదే. ఈనకుండా ఆవు పాలివ్వదు, పెద్ద డెయిరీల్లో దూడను తల్లి దగ్గర కొద్ది గంటలో కొద్ది రోజులో మాత్రమే ఉంచుతారు, మగదూడ చాలావరకు చివరికి మాంసంగానే మారుతుంది. ఇది శాకాహారుల్ని దెప్పడానికి చెప్పడం లేదు. కీడు ఏ పదార్థంలో ఎంత ఉందన్నది అది మాంసమా కాదా అన్న ఒక్క గీతతో తేలదని చెప్పడానికే చెబుతున్నాను.

మొక్కలకూ ప్రాణం ఉందన్న వాదాన్ని త్వరగా దాటవచ్చు. మొక్కకు నాడీవ్యవస్థ లేదు, బాధను అనుభవించగలదనడానికి తగిన ఆధారమూ లేదు. ఒకవేళ ఉందనే అనుకున్నా, జంతువు బరువు పెరగడానికి దాని మాంసం కంటే ఎన్నో రెట్ల మేతో దాణానో తినాలి గనుక మాంసాహారమే ఎక్కువ మొక్కల్ని బలి తీసుకుంటుంది. దాదాపు 38,700 పొలాల వివరాలతో 2018లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, ప్రపంచంలోని సాగుభూమిలో 83 శాతాన్ని మేతభూములతో కలిపి పశుపోషణే వాడుకుంటోంది, అందుకు బదులుగా అది మన కేలరీల్లో ఇచ్చేది 18 శాతం, ప్రొటీన్‌లో ఇచ్చేది 37 శాతం.

దీని కంటే బలమైన వాదం మరొకటి ఉంది, అదేమో ఎవరికీ పెద్దగా పట్టదు. పొలం దున్నేటప్పుడూ కోసేటప్పుడూ ఎలుకలూ పక్షులూ పాములూ చస్తాయి కాబట్టి, పచ్చికబయలులో మేసే ఒక పెద్ద పశువును చంపి తినడం వల్లనే మొత్తం చావులు తగ్గుతాయని 2003లో స్టీవెన్ డేవిస్ అనే అమెరికన్ ఆచార్యుడు లెక్క వేసి చూపించాడు. అదే ఏడాది దానికి మరొకరి నుంచి వచ్చిన జవాబు సూటిగా ఉంది. డేవిస్ లెక్క ఎకరానికి ఎన్ని చావులు అన్నదే గాని, మనిషి కడుపు నిండడానికి ఎన్ని చావులు అన్నది కాదు. ఎకరం పంట ఎకరం పచ్చిక కంటే ఎక్కువమందికి తిండి పెడుతుంది గనుక తలకు ఇన్ని అని లెక్కిస్తే ఫలితం తిరగబడుతుంది. ఇద్దరూ ఒకరి ఉద్దేశాన్ని ఒకరు శంకించకుండా ఒక కొలమానం మీద తగువులాడుకున్నారు. ఈ విషయం మీద నేను చదివిన మంచి తగువుల్లో అదొకటి.

చాలా తగువుల్లో జరిగేది అది కాదు. అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన జీవితచరిత్రలో చెప్పుకున్న ఒక ఉదంతం ఇక్కడ గుర్తుకొస్తుంది. పదహారేళ్ల ప్రాయంలో మాంసం మానేసిన ఆయన ఒక ఓడప్రయాణంలో గాలి స్తంభించి ఆగిపోయినప్పుడు, తోటివాళ్లు కాడ్ చేపల్ని పట్టి వేయిస్తున్న వాసనకు కాసేపు సిద్ధాంతానికీ నాలుకకూ మధ్య ఊగిసలాడాడు. చేపల్ని కోసినప్పుడు వాటి కడుపులో చిన్న చేపలు కనిపించడం ఆయనకు గుర్తుకొచ్చింది. మీలో మీరే ఒకరినొకరు తింటుంటే మేం మిమ్మల్ని ఎందుకు తినకూడదు అనుకుని సుష్టుగా భోంచేశాడు. ఆ వెంటనే, చేయదలచుకున్న ప్రతి పనికీ ఒక కారణం వెతుక్కోగలగడం వివేకవంతుడైన ప్రాణికి ఎంత సౌకర్యమో అని తనను తానే ఎగతాళి చేసుకున్నాడు. ప్రకృతిలో పులి లేడిని తినడం లేదా అని అడిగేవారి వాదం ఫ్రాంక్లిన్ చేపను దాటి ఒక్క అడుగు వేయలేదు, ఆ ఎగతాళి మాత్రం వారికి అబ్బలేదు.

ఇక అసలు విషయం. జంతువుల పక్షాన మాట్లాడే ప్రతివారూ ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ మాటను ఉదహరిస్తారు: అవి తర్కించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న. 1789లో వెలువడిన గ్రంథంలోని ఒక ఫుట్‌నోట్‌లో ఈ మాట ఉంది. అదే ఫుట్‌నోట్‌లో, దీనికి కాస్త ముందు, బెంథామ్ మాంసం తినడాన్ని సమర్థించాడన్న సంగతి మాత్రం ఉదహరించేవారిలో చాలామందికి తెలియదు. తినడం వల్ల మనకు మేలు, వాటికి నష్టమేమీ లేదు, ఎందుకంటే రాబోయే చావును తలచుకుని అవి ముందునుంచీ కుమిలిపోవు, పైగా మన చేతిలో వచ్చే చావు ప్రకృతిలో వచ్చే చావు కంటే త్వరితమైనది, తక్కువ బాధాకరమైనది కూడా అని అక్కడ రాశాడు. కానీ వాటిని చిత్రవధ చేయడానికి ఏ కారణమైనా ఉందా అంటే, తనకు ఒక్కటీ కనబడడం లేదన్నాడు. చంపడాన్ని అనుమతిస్తూనే హింసించడాన్ని ఆయన నిషేధించాడు. చంపడం గురించి ఆయన చెప్పినదానితో నేను ఏకీభవించను. అయినా రెండు ప్రశ్నల్నీ విడదీసి చూసిన ఆ చూపు మాత్రం మనకిప్పుడు కావాలి.

ఆనాటికి లేనిదీ ఈనాడు ఉన్నదీ ఏమిటో చూడాలంటే బ్రాయిలర్ కోడిని దగ్గరగా చూడాలి. 1957 నాటి మాంసపు కోళ్ల జాతినీ 2005 నాటి జాతినీ ఒకే దాణాతో, ఒకే పరిస్థితుల్లో పెంచి కెనడా పరిశోధకులు తూచారు. 56 రోజుల వయసులో పాత జాతి కోడి 905 గ్రాములు తూగితే కొత్త జాతి కోడి 4,202 గ్రాములు తూగింది. ఈ తేడా మందుల వల్ల వచ్చినది కాదు, కేవలం సంతానాన్ని ఎంచి ఎంచి పెంచడం వల్ల వచ్చినది. కండ పెరిగిన వేగంతో ఎముకలూ గుండే పెరగలేవు గనుక కొన్ని కుంటుతాయి, కొన్ని తమ బరువును తామే మోయలేక దాణా తొట్టికీ నీటి గొట్టానికీ మధ్య కూలబడి ఉంటాయి, తడిసిన పొట్టు మీద అలాగే కూర్చోవడం వల్ల రొమ్ముకూ కాళ్లకూ పుండ్లు పడతాయి. సుమారు ఆరు వారాలకు కోతకు పంపుతారు. పెట్ట గుడ్డు పెట్టే వయసుకు రావడానికే నాలుగైదు నెలలు పడుతుంది గనుక, కోతకు వెళ్లేది పెద్ద కోడిలా కనిపించే పసిపిల్ల, దాని గొంతు ఇంకా కిచకిచమనే ఉంటుంది. వీటి తల్లిదండ్రుల కథ ఇంకా విడ్డూరం. ఇదే జన్యువులున్న అవి కడుపునిండా తింటే గుడ్లు పెట్టే వయసుకు వచ్చేసరికి ఒళ్లు బరువెక్కి పాడైపోతాయి గనుక, వాటికి కొలిచి, తక్కువగా, ఆకలి తీరకుండా మేపుతారు. ఆకలి ఎక్కువగా ఉండేట్టు ఒక జీవిని తయారుచేసి, ఆ ఆకలితోనే దాన్ని బతికించడమన్నమాట. ఏటా ఈ లోకంలో కోసే కోళ్లు 7,000 కోట్లకు పైమాటే.

బ్రిటన్ ప్రభుత్వం నియమించిన బ్రాంబెల్ కమిటీ 1965లో ఒక నివేదిక ఇచ్చింది. తిండి కోసం పెంచే జంతువుకు లేచి నిలబడడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లూ రెక్కలూ చాచడానికి వీలుండాలని అందులో ఉంది. అడిగినది ఇంతే. గుడ్ల కోడికి వాడే ఇరుకు పంజరాల్ని యూరోపియన్ యూనియన్ నిషేధించడానికి 2012 దాకా పట్టింది. అప్పటిదాకా అక్కడ చట్టప్రకారం ఒక్కో కోడికి ఇవ్వవలసిన కనీస స్థలం 550 చదరపు సెంటీమీటర్లు, అంటే ఎ4 కాగితం కంటే తక్కువ. నేను చూసినంతలో, ఈ వివరాల్ని కుదురుగా వర్ణించి చెబితే మాంసం తినేవారిలో ఎక్కువమంది వీటిని సమర్థించరు. చంపడం తప్పు అన్న మాటతో మొదలుపెడితే మాత్రం వారు తమ ఇంటినీ పెద్దల్నీ అన్నంముద్దనూ ఎవరో నిందిస్తున్నట్టు తీసుకుని, పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటారు. అది సహజమే కూడా. రాతలో గొంతు వినిపించదు, రాసేవారు ఎదుటి మనిషికి కాకుండా చుట్టూ చూస్తున్నవారికి రాస్తారు, చూస్తున్నవారి ముందు ఎవరూ మనసు మార్చుకోరు.

వారి వైపు నుంచి వచ్చే ఒక అభ్యంతరాన్ని తీసిపారేయలేం. విశాలమైన చోట నిదానంగా పెంచితే మాంసం ఖరీదు పెరుగుతుంది, అప్పుడది ఉన్నవారి తిండి అవుతుంది. నిజమే. ఇరుకులో పెంచిన కోడే చాలామందికి అందుబాటులోకి వచ్చిన మొదటి మాంసం. అయితే ఈ ఖరీదు ఎప్పుడూ ఉన్నదే, ఇప్పటిదాకా దాన్ని కోడి కట్టింది. దాన్ని ఎవరు కట్టాలన్నది ప్రభుత్వాలూ పన్నులూ రాయితీలూ తేల్చవలసిన లెక్క గాని, కోడి ఒక్కతే కడుతూ ఉండాలనడానికి అది కారణం కాదు.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, పర్యావరణం పేరుతో వాదించేవారు దీన్ని అరుదుగా ప్రస్తావిస్తారు. కిలో ప్రొటీన్‌కు లెక్కిస్తే పశుమాంసం వదిలే కర్బన వాయువులు కోడిమాంసం కంటే చాలా రెట్లు ఎక్కువ కాబట్టి, భూమి వేడెక్కడం గురించి బెంగపడే మనిషికి పశుమాంసం మాని కోడికి మారమని సలహా దొరుకుతుంది. కానీ ఒక పెద్ద పశువు నుంచి వచ్చే రెండు వందల కిలోల మాంసం కోళ్ల నుంచి రావాలంటే నూటికి పైగా కోళ్లు చావాలి, అవీ పైన చెప్పినట్టు బతికి చావాలి. వాతావరణానికి మేలు చేసే సలహా బాధపడే జంతువుల సంఖ్యను నూరు రెట్లు పెంచుతుంది. రెంటినీ ఒకే మంచి పనిగా చూపించడం ఎంత ఆకర్షణీయమైనా నిజం కాదు. నేను కోడిమాంసం మానడానికి కారణం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

చంపడం గురించి నా మాట కూడా చెప్పి ముగిస్తాను. చావును ముందుగా ఊహించుకోలేని జీవికి చావువల్ల నష్టం లేదన్న బెంథామ్ తర్కం నాకు ఎక్కదు. రేపు అనేది ఒకటుందని తెలియకపోయినా ఆ రేపు దానిదే. ఆరు నెలలకు కోసే పందిని బతకనిస్తే పదేళ్లు దాటి బతుకుతుంది, ఆ సంవత్సరాలు పోవడం నష్టం కాదనడానికి నాకు నోరు రాదు. దీనికి ఎదురుగా, తినేవారే లేకపోతే ఆ పంది పుట్టి ఉండేదే కాదు కదా అన్న పాత వాదం ఒకటుంది. పుట్టనివాడికి పుట్టలేదన్న లోటు ఉండదు గనుక అది అంత గట్టి వాదం కాదు. కానీ ఆరుబయట మేసి, మందతో తిరిగి, ఒక్క క్షణంలో పోయిన జంతువు విషయంలో దానికి కొంత బలం మిగిలే ఉందని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది. ఆ బలం కూడా ఆ బతుకు బతకదగినదైనప్పుడే, కాబట్టి చంపడాన్ని సమర్థించుకోవాలనుకునేవారు ముందు పెంచడం గురించిన ప్రశ్నకు జవాబు చెప్పుకోక తప్పదు. ఆ జవాబు నమ్మదగినట్టు దొరికినప్పుడు తింటాను, దొరకనప్పుడు మానేస్తాను. దొరకని సందర్భాలే ఎక్కువ.