మూడో పీరియడ్ ఎవరిది?

సోమవారం, రాత్రి

ప్రార్థన కాకముందే రెండు ఖాళీలు. లెక్కల సార్‌కు జ్వరం, సోషల్ మేడం ఓటరు జాబితా పని మీద ఆన్‌డ్యూటీ. దేవరకొండ దిక్కు హైస్కూళ్లకు ఇది కొత్తేం కాదు. 6 నుంచి 10 దాకా ఐదు సెక్షన్లు, ఎనిమిదేసి పీరియడ్లు, మొత్తం 40. ఎనిమిది మంది టీచర్లుంటే తలా 5, మూడు లీజర్, అంటే క్లాసు లేని పీరియడ్లు. ఇద్దరు రాకుంటే 10 పీరియడ్లు ఖాళీ, మిగిలిన ఆరుగురి లీజర్లు 18. కాగితం మీద దండిగా సరిపోయింది. రానివాళ్ల బదులు ఎవరు పోవాలో రాసే సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్‌లో పేర్లు రాసి సంతకాలు తీసుకుంటే హెడ్మాస్టర్ పని అయిపోయినట్టే.

కానీ 9వ తరగతి లెక్కల పీరియడ్‌కు హిందీ మేడం పోతే ఏం చేస్తారు? "సప్పుడు చేయకుండా రాసుకోండి" అంటారు, అంతే. అంతకన్నా మార్పిడి నయం. ఆ పీరియడ్‌లో సైన్స్ సార్ పోయి తన పాఠమే చెప్పాలి. లెక్కల సార్ వచ్చాక సైన్స్ సార్ తన పీరియడ్ ఒకటి ఆయనకు ఇయ్యాలి. చిక్కల్లా ఒకటే, ఆ బాకీ రాసే గడి రిజిస్టర్‌లో లేదు. నోటిమాటగా ఇచ్చిన పీరియడ్ తిరిగి రాదు. రెండుసార్లు పోగొట్టుకున్న సార్ మూడోసారి ఒప్పుకోడు, తప్పేం లేదు.

ప్రైమరీలో ఈ మార్పిడి కూడా కుదరదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు. తరగతులేమో ఐదు. ఒకరు మీటింగుకు పోతే మిగిలినవారు ముందు 4, 5 వాళ్లకు రాతపని ఇచ్చి, 1, 2 దగ్గర కూర్చోవాలి. చిన్నోళ్లు ఒంటరిగా పది నిమిషాలు కూడా పని చేయరు. చాలాచోట్ల దీన్ని తిరగేసి చేస్తారు. మధ్యలో మూడో తరగతి ఎటూ కాదు.

ప్రైవేటులో కుర్చీ ఖాళీగా కనబడదు. అక్కడ రోజుకు ఏడు పీరియడ్లు, మిగిలిన ఒక్క లీజర్ ఫీజు ఫోన్లకు. ఐదు సెక్షన్లు, నలభైమంది చొప్పున 200 నోటుబుక్కులు. ఒక్కోదానికి రెండు నిమిషాలన్నా 400 నిమిషాలు, ఆరున్నర గంటలపైనే. అందుకే 7×8=54 మీద కూడా ఎర్ర టిక్కు పడుతుంది. బడి నడిపే కరెస్పాండెంట్ చూసేది టిక్కు ఉందా లేదా అన్నదే. వేసవి జీతం ఇయ్యని చోట జూన్‌కల్లా సగం మొహాలు కొత్తవి. ఏ పిల్లగాడికి భిన్నాలు రావో తెలిసిన మనిషి పక్క బడికి పోయి ఉంటాడు.

రేపటి షీట్ సగమే అయింది. మూడో పీరియడ్, 8వ తరగతి పక్కన ఇంకా ఎవరి పేరూ లేదు.